స్క్రీన్ బ్రైట్‌నెస్ ఎంత ఉండాలో తెల్ల కాగితాన్ని అడగండి

"బ్రైట్‌నెస్ ఎంత శాతం పెట్టుకోమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను అంకె చెప్పను. చెప్పినా పనికిరాదు. మీ ఫోన్‌లో 50 శాతమూ నా ఫోన్‌లో 50 శాతమూ ఒకటే వెలుగు కాదు, పోనీ ఒకటే అనుకున్నా, పగలు కిటికీ పక్కన కూర్చుని చదివేటప్పుడు చక్కగా సరిపోయిన ఆ 50 శాతమే రాత్రి లైట్లన్నీ ఆర్పేశాక మొహం మీద టార్చి వేసినట్టు ఉంటుంది. స్క్రీన్ ఎంత వెలగాలో దాని చుట్టూ ఎంత వెలుతురు ఉందో చూసి తేల్చుకోవాలి. ఆ వెలుతురు కొలవడానికి మీటరేమీ అక్కర్లేదు, ఒక తెల్ల కాగితం చాలు.

మీరు రోజూ కూర్చునే చోటే కూర్చోండి, రోజూ వేసుకునే లైట్లే వేసుకోండి. స్క్రీన్‌లో ఏమీ రాయని తెల్ల పేజీ ఒకటి తెరవండి, ఖాళీ డాక్యుమెంటైనా సరే. ప్రింటర్లో పెట్టే మామూలు తెల్ల కాగితాన్ని స్క్రీన్ అంచుకి ఆనించి, స్క్రీన్ ఎంత వాలుగా ఉందో అంతే వాలుగా పట్టుకోండి. ఇప్పుడు కాస్త వెనక్కి జరిగి, కళ్లు సగం మూసి రెండింటినీ కలిపి చూడండి. స్క్రీన్ ట్యూబ్‌లైట్‌లా వెలుగుతూ దాని పక్కన కాగితం మాసిపోయినట్టు కనిపిస్తే బ్రైట్‌నెస్ ఎక్కువైంది. కాగితమే మెరుస్తూ స్క్రీన్‌కి బూడిద పూసినట్టు ఉంటే తక్కువైంది. రెండూ ఇంచుమించు ఒకే తెలుపులో కలిసిపోయేదాకా స్లైడర్ జరపండి. ఒకటి కాస్త పసుపుగా, ఇంకోటి నీలంగా అనిపించొచ్చు, అది రంగు గొడవ, ఇప్పుడు వెలుగు ఒక్కటే చూసుకోండి. డార్క్ మోడ్ వాడేవాళ్లు ఈ పరీక్ష అయ్యేదాకా లైట్ మోడ్‌కి రావాలి, నల్ల పేజీని తెల్ల కాగితంతో పోల్చలేం కదా.

మొదటిసారి చేసినప్పుడు దాదాపు అందరూ అనే మాట "ఇదేంటి, ఇంత మసగ్గా ఉంది!" అని. వెంటనే పెంచేయకండి. ఓ ఐదు నిమిషాలు మీ పని మీరు చేసుకోండి, తర్వాత కూడా అక్షరాలు చదవడానికి కష్టపడుతుంటే అప్పుడు కొంచెం పెంచుకోండి. కంటిపాప సాగి కుదించుకోవడం క్షణాల్లో అయిపోతుంది గానీ దాని పరిధి చిన్నది, వ్యాసం సుమారు 2 మిల్లీమీటర్ల నుంచి 8 మిల్లీమీటర్ల దాకా, అంటే లోపలికి వచ్చే వెలుగులో ఓ 16 రెట్ల తేడా మాత్రమే. మిగతా సర్దుబాటంతా కంటి వెనక రెటీనాలో నెమ్మదిగా జరుగుతుంది. బాగా వెలుతురులోంచి పూర్తి చీకట్లోకి వెళ్తే కన్ను పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. ఎండలోంచి ఇంట్లోకి రాగానే ఫోన్ తీసి "అబ్బే, ఏమీ కనిపించట్లేదు" అని ఫుల్లుకి పెట్టేసి, ఆ తర్వాత తగ్గించడం మర్చిపోయి, సాయంత్రం కళ్లు మండుతున్నాయని కూర్చునేది ఇందుకే.

ఈ కాగితం కిటుకు ఎందుకు పనిచేస్తుందో కొంచెం లెక్క చెప్తాను, లెక్కలు పడనివాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. ఒక చోట పడే వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు, స్క్రీన్ నుంచి వచ్చే వెలుగుని నిట్లలో చెప్తారు. ఫోన్ ప్రకటనల్లో "ఇన్ని వేల నిట్స్" అని ఊదరగొట్టేది ఈ నిట్లనే. తెల్ల కాగితం తన మీద పడిన వెలుతురులో సుమారు 80 శాతం వెనక్కి పంపిస్తుంది, అన్ని వైపులకీ చెదరగొడుతుంది కాబట్టి, లక్స్‌ని 0.8తో గుణించి 3.14తో భాగిస్తే ఆ కాగితం ఎన్ని నిట్లతో కనిపిస్తుందో వస్తుంది. లైట్లు బాగా ఉన్న ఆఫీసులో 500 లక్స్ ఉంటుంది, అక్కడ కాగితం 127 నిట్లు. సాయంత్రం ఇంట్లో ఓ 100 లక్స్ ఉందనుకోండి, కాగితం 25 నిట్లే. పగలు ఆరుబయట నీడలో 10,000 లక్స్ ఉంటే అదే కాగితం 2,500 నిట్లు! ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ సంగతి చూడండి, మామూలు ల్యాప్‌టాప్‌లు ఫుల్లుకి పెడితే 250 నుంచి 400 నిట్ల మధ్య ఉంటాయి. అంటే గదిలో దాన్ని ఫుల్లుకి పెట్టాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు, బయట ఫుల్లుకి పెట్టినా చాలదు. బ్రైట్‌నెస్ గురించిన బాధలన్నీ ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి.

స్లైడర్ గురించి ఒక ముక్క. మన కంటికి వెలుగు రెట్టింపైతే రెట్టింపైనట్టు కనిపించదు, ఏదో కొంచెం పెరిగినట్టు అనిపిస్తుంది. 10 నిట్ల నుంచి 20కి వెళ్తే తెలిసే తేడా 200 నుంచి 210కి వెళ్తే పెద్దగా తెలియదు. అందుకే 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9లో స్లైడర్ నడకనే మార్చేశారు, కంటికి ఎలా అనిపిస్తుందో అలా పెరిగేట్టు. కాబట్టి ఆ స్లైడర్ మీద కనిపించే శాతం నిట్లలో శాతం కాదు, దాన్ని నమ్మి బ్యాటరీ లెక్కలు వేసుకోకండి.

ఆటో బ్రైట్‌నెస్: తిట్టే ముందు నేర్పించండి

రోజూ నాలుగు చోట్ల తిరిగే ఫోన్‌కి చేత్తో బ్రైట్‌నెస్ మార్చుకుంటూ పోవడం అయ్యే పని కాదు, దానికి ఆటోనే దిక్కు. "మా ఫోన్‌లో ఆటో పిచ్చిపిచ్చిగా చేస్తుంది, ఆపేశా" అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ ఒకప్పుడు ఆ గుంపులోవాణ్ణే. నా విషయంలో దొంగ ఎవరంటే స్క్రీన్ మీద అతికించిన గ్లాసు. దాని నల్ల అంచు సరిగ్గా లైట్ సెన్సర్ మీదికి వచ్చింది, ఫోన్ పాపం ఎప్పుడూ చీకట్లోనే ఉన్నాననుకుని స్క్రీన్ తగ్గించేసేది. రెండు నెలలు ఫోన్‌ని తిట్టాను, ఒకసారి రీసెట్ కూడా చేశాను, చివరికి గ్లాసు పగిలి తీసేస్తే జబ్బు దానంతటదే నయమైంది.

సెన్సర్ సాధారణంగా పైన ముందు కెమెరా దగ్గరే ఉంటుంది, కొన్నింటిలో స్క్రీన్ కింద దాగి ఉంటుంది. ఎక్కడుందో కనుక్కోవాలంటే ఆటో ఆన్ చేసి, బాగా వెలుతురున్న చోట నిలబడి, పైభాగాన్ని వేలితో కొంచెం కొంచెం మూస్తూ పోండి, ఎక్కడ మూస్తే కొన్ని సెకన్లకి స్క్రీన్ తగ్గిందో అక్కడే ఉంది. వీడియో చూడటానికో ఆట ఆడటానికో ఫోన్ అడ్డంగా పట్టుకున్నప్పుడు బొటనవేలు సరిగ్గా అక్కడికే వెళ్లి కూర్చుంటుంది, ఆట మధ్యలో స్క్రీన్ ఉన్నట్టుండి మసకబారితే మొదట వేలు తీసి చూడండి. ఫోన్ బాగా వేడెక్కినా స్క్రీన్ తగ్గుతుంది, ఆ సంగతి ఎండ దగ్గర చెప్తాను.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, డిస్‌ప్లేలో అడాప్టివ్ బ్రైట్‌నెస్ అని ఉంటుంది. ఇది ఆండ్రాయిడ్ 9 నుంచి మీ అలవాటుని నేర్చుకుంటుంది. చాలామంది చేసే పొరపాటేంటంటే, అది తప్పు వెలుగు పెట్టగానే విసుగొచ్చి ఆటోని ఆపేస్తారు. ఆపకండి. ఆటో ఆన్‌లో ఉండగానే స్లైడర్‌ని మీకు నచ్చిన చోటికి జరపండి. "ఇంత వెలుతురులో ఈయనకి ఇంత కావాలన్నమాట" అని అది గుర్తుపెట్టుకుంటుంది. పడుకునే గదిలో, ఆఫీసులో, బయట, ఇలా మీరు తిరిగే నాలుగు చోట్లా కొన్ని రోజులు ఓపిగ్గా సరిదిద్దితే తర్వాత దాని జోలికి వెళ్లే పని పెద్దగా ఉండదు. చిన్నపిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టే.

ఐఫోన్‌లో మాత్రం ఆ మీటని ఎక్కడో దాచారు. బ్రైట్‌నెస్ ఉండే చోట ఉండదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ తెరిచి, అట్టడుగు దాకా జరిపితే ఆటో బ్రైట్‌నెస్ కనిపిస్తుంది. ట్రూ టోన్ అని ఇంకోటి ఉంటుంది, అది గది వెలుతురు రంగుని బట్టి స్క్రీన్ తెలుపుని పసుపుకో నీలానికో జరుపుతుంది. కాగితం పక్కన పెట్టినప్పుడు రంగు కూడా కలిసిపోవాలనుకునేవాళ్లకి అది బాగుంటుంది, ఫోటోల రంగులు సరిచేసే పని చేసేటప్పుడు మాత్రం ఆపేయాలి.

ల్యాప్‌టాప్, బల్ల మీద మానిటర్

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలో బ్రైట్‌నెస్ పక్కన ఉన్న బాణం నొక్కితే, వెలుతురు మారినప్పుడు బ్రైట్‌నెస్ తనంతట తానే మారాలా అని ఒక గడి ఉంటుంది. అది మీకు కనిపించకపోతే మీ ల్యాప్‌టాప్‌లో సెన్సర్ లేదన్నమాట, వెతుక్కోవడం మానేయొచ్చు. అక్కడే ఇంకోటి ఉండొచ్చు, స్క్రీన్‌లో ఉన్న బొమ్మని బట్టి బ్రైట్‌నెస్ మార్చేది. గదిలో వెలుతురు మారకపోయినా, నల్ల విండో నుంచి తెల్ల విండోకి మారినప్పుడల్లా స్క్రీన్ ఊపిరి పీలుస్తున్నట్టు పెరిగి తగ్గుతుంటే కారణం ఇదే. బ్యాటరీ కొంచెం ఆదా అవుతుందేమో గానీ నాకైతే చిరాకు, ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచుతాను. ఛార్జర్ తీయగానే మసకబారిందంటే బ్యాటరీ ఆదా చేసే మోడ్ పని, దాని సెట్టింగ్‌లో బ్రైట్‌నెస్ తగ్గించొద్దని చెప్పొచ్చు. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, డిస్‌ప్లేస్‌లో ఆటోమేటిక్ మీట ఉంటుంది, దానికంటే చెప్పేదేం లేదు.

అసలు కష్టం విడిగా కొన్న మానిటర్లతోనే. పెట్టెలోంచి తీయగానే అవి ఇంట్లో వాడటానికి కావలసినదానికంటే చాలా ఎక్కువ వెలుగుతో వస్తుంటాయి, ఎందుకంటే కొనేవాడి కన్ను మెరిసేదాని మీదకే పోతుంది. ఏళ్ల తరబడి ఆ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే పనిచేస్తూ తలనొప్పికి మాత్రలు వేసుకునేవాళ్లని చూశాను. మానిటర్ కిందో వెనకో ఉండే బటన్లు నొక్కి మెనూలోకి వెళ్లి బ్రైట్‌నెస్ తగ్గించండి. కాంట్రాస్ట్ ముట్టుకోకండి, దాన్ని కదిపితే లేత బూడిద రంగులన్నీ తెలుపులో కలిసిపోయి, ఎక్సెల్ గళ్ల గీతలు కూడా మాయమవుతాయి.

ఆ బటన్లతో రోజుకి రెండుసార్లు కుస్తీ పట్టాలంటే ఎవరికైనా విసుగే, అందుకే ఎవరూ మార్చరు. దీనికి మంచి దారి ఉంది. చాలా మానిటర్లు డీడీసీ/సీఐ అనే పద్ధతిలో కేబుల్ గుండానే కంప్యూటర్ మాట వింటాయి. మానిటర్ మెనూలో ఆ పేరున్న ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, విండోస్ అయితే ట్వింకిల్ ట్రే, మ్యాక్ అయితే మానిటర్‌కంట్రోల్, లైనక్స్ అయితే డీడీసీయుటిల్ అనే ప్రోగ్రామ్ వేసుకుంటే కీబోర్డు నుంచే మానిటర్ అసలు బ్రైట్‌నెస్ మారుతుంది. ఊరికే స్క్రీన్ మీద నల్ల పొర కప్పే యాప్‌లూ ఉన్నాయి, అవి వెనక లైటుని తగ్గించవు, రంగుల్ని మాత్రం చంపేస్తాయి. తప్పనిసరైతేనే.

రెండు స్క్రీన్లు పక్కపక్కన పెట్టుకునేవాళ్లు రెండింటికీ ఒకే శాతం పెట్టి "కలవట్లేదేంటి" అంటారు. కలవవు. రెండింటి మధ్య కాగితం పట్టుకుని, ఒక్కోదాన్నీ కాగితంతో కలపండి, అవి రెండూ వాటంతటవే కలుస్తాయి.

ఫోటోలు ఎడిట్ చేసి ప్రింటు తీయించుకునేవాళ్లకి ఇంకో మాట. "స్క్రీన్‌లో బ్రహ్మాండంగా ఉంది, ప్రింటు నల్లగా వచ్చింది" అనే పాత ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ప్రింటరు కాదు, స్క్రీన్ మరీ వెలిగిపోతూ ఉండటం. ఆ వెలుగులో ఫోటో బాగుందనిపించి మీరు దాన్ని సరిపడా పెంచరు, కాగితం మీదకి వచ్చేసరికి చీకటి. స్క్రీన్ల రంగులకి వాడే ఎస్ఆర్‌జీబీ ప్రమాణం రాసినప్పుడు స్క్రీన్ 80 నిట్లు ఉంటుందనే లెక్క పెట్టుకున్నారు, ప్రింటు పని చేసేవాళ్లు మామూలుగా 80 నుంచి 120 మధ్యలో ఉంచుకుంటారు. పైగా ఈ పని చేసేటప్పుడు ఆటో బ్రైట్‌నెస్, రాత్రిపూట స్క్రీన్‌ని పసుపుగా మార్చే నైట్ లైట్ రెండూ ఆఫ్, గది వెలుతురు కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకేలా ఉండాలి.

రాత్రిపూట

చీకటి గదిలో స్క్రీన్ ఎంత తగ్గించినా కళ్లు గుంజుతూనే ఉంటే, ఇంకా తగ్గించడం మానేసి గదిలో ఒక లైటు వేసి చూడండి. కంటికి బాధ కలిగించేది ఒక్క స్క్రీన్ వెలుగే కాదు, స్క్రీన్‌కీ దాని వెనక గోడకీ మధ్య ఉన్న తేడా. చూపు అటు వెళ్లినప్పుడల్లా కన్ను మళ్లీ మళ్లీ సర్దుకోవాలి. మానిటర్ వెనక, గోడ వైపు తిరిగి ఉన్న చిన్న దీపం ఒకటి పెడితే చాలు, మీ కళ్లలోకి గానీ స్క్రీన్ మీదకి గానీ నేరుగా పడకూడదు అంతే.

పక్కన ఎవరో నిద్రపోతున్నారు, లైటు వేసే వీల్లేదు, బ్రైట్‌నెస్ సున్నాకి తెచ్చినా ఎక్కువే. అప్పుడు ఆండ్రాయిడ్ 12 నుంచి ఎక్స్‌ట్రా డిమ్ అని ఉంది, పై నుంచి లాగే మీటల్లో పెట్టుకోవచ్చు, కొత్త ఫోన్లలో కొన్నిచోట్ల అది స్లైడర్‌లోనే కలిసిపోయింది. ఐఫోన్‌లో ఆటో బ్రైట్‌నెస్ ఉన్న పేజీలోనే రెడ్యూస్ వైట్ పాయింట్ ఉంటుంది. పొద్దున్నే దాన్ని తీసేయడం మాత్రం మర్చిపోకండి, స్క్రీన్ పాడైపోయిందని కంగారుపడతారు.

నైట్ లైట్, నైట్ షిఫ్ట్ లాంటివి ప్రధానంగా రంగుని వెచ్చగా మారుస్తాయి, బ్రైట్‌నెస్‌ని వాటికి అప్పగించి ఊరుకుంటే కుదరదు, ఫుల్లుకి పెట్టిన పసుపు స్క్రీన్ కూడా ఫుల్లే. నీలి కాంతి కళ్లని పాడుచేస్తుందని భయపెట్టి కళ్లజోళ్లు అమ్మేవాళ్ల మాట పట్టించుకోకండి, కంప్యూటర్ వాడకానికి అలాంటి ప్రత్యేక కళ్లజోళ్లు అవసరం లేదని అమెరికాలోని కంటి డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీయే చెప్పింది. స్క్రీన్ ముందు కళ్లు మండటానికి పెద్ద కారణం రెప్పలు వేయడం తగ్గిపోయి కన్ను ఎండిపోవడం. బ్రైట్‌నెస్ అంతా సరిచేశాక కూడా మంట తగ్గకపోతే స్క్రీన్‌ని వదిలేసి డాక్టరుకి చూపించుకోండి.

డార్క్ మోడ్ గురించి కొట్టుకునేవాళ్లు ఎక్కువ. నా అభిప్రాయం: చీకట్లో బాగుంటుంది, పగటి వెలుతురులో దండగ. ఆస్టిగ్మాటిజం (కంటి ముందు భాగం వంపు సమంగా లేకపోవడం) ఉన్న కొందరికి నల్లటి మీద తెల్ల అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి కూడా. ఓలెడ్ స్క్రీన్‌లో ఒక్కో చుక్కా (పిక్సెల్) తనే వెలుగుతుంది, నల్ల పిక్సెల్ వెలగదు కాబట్టి బ్యాటరీ మిగులుతుంది, ఎల్‌సీడీలో వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది, ఆదా ఏమీ ఉండదు.

బ్రైట్‌నెస్ బాగా తగ్గించినప్పుడే తలనొప్పి వస్తుంది, పెంచితే పోతుంది అనేవాళ్లు కొందరుంటారు, వాళ్లని చూసి నవ్వకండి. చాలా ఓలెడ్ స్క్రీన్లు వెలుగు తగ్గించమంటే నిజంగా తగ్గించవు, సెకనుకి వందలసార్లు ఆరి వెలుగుతాయి, ఆరి ఉండే సమయం పెరిగేకొద్దీ మనకి మసగ్గా కనిపిస్తుంది. అందరికీ కాదు, కొందరికి అది పడదు. ఇంకో ఫోన్ కెమెరాలో షట్టర్ వేగం బాగా పెంచి ఈ స్క్రీన్‌ని చూస్తే నల్ల పట్టీలు కదులుతూ కనిపిస్తాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో డీసీ డిమ్మింగ్ గానీ, ఫ్లికర్ తగ్గించేదని గానీ ఏదైనా ఉంటే ఆన్ చేసుకోండి, లేదంటే బ్రైట్‌నెస్ మధ్యలో ఉంచి గదిలో లైటు వేసుకోవడమే.

ఎండలో

నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. స్క్రీన్ మీది గాజు అందులో 4 శాతం వెనక్కి కొట్టినా చాలు, మీరు చూడాలనుకున్న బొమ్మ మీద వెయ్యి నిట్లకి పైగా తెల్లటి పొర కప్పినట్టే. కాబట్టి ఎండలో పోరాడాల్సింది బ్రైట్‌నెస్‌తో కాదు, ఆ ప్రతిబింబంతో. సూర్యుడికి వీపు పెట్టడం కంటే, నీడలో నిలబడి ముదురు రంగు గోడ వైపో చెట్టు వైపో వీపు పెట్టండి, ఎందుకంటే స్క్రీన్‌లో ప్రతిఫలించేది మీ వెనకున్నదే. తెల్ల చొక్కా వేసుకుంటే చొక్కా కూడా కనిపిస్తుంది. వేలిముద్రల జిడ్డు తుడవండి, ఎండలో ఆ మరకలే మెరుస్తాయి. ఇక్కడ లైట్ మోడ్‌కి మారండి, డార్క్ మోడ్‌లో నల్లటి భాగమంతా అద్దమైపోతుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. చాలా ఫోన్లలో ప్రకటనల్లో చెప్పిన ఆ గరిష్ఠ వెలుగు మీరు స్లైడర్‌ని చివరిదాకా లాగినా రాదు, ఆటో ఆన్‌లో ఉండి సెన్సర్‌కి గట్టి ఎండ తగిలితేనే వస్తుంది. ఆటో ఆపేసుకుని "ఈ ఫోన్ ఎండలో కనపడదు" అంటే ఫోన్ ఏం చేస్తుంది! అలా కాసేపు వెలిగాక వేడెక్కి తనంతట తానే తగ్గించేసుకుంటుంది, అప్పుడు నీడలోకి తీసుకెళ్లి కేసు తీసి ఉంచండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ చేరుతుంది. పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే కొన్ని స్క్రీన్లు పూర్తిగా నల్లబడతాయి, ఫోన్ అడ్డంగా తిప్పితే మళ్లీ కనిపిస్తుంది.

టీవీ, ప్రొజెక్టర్

టీవీలో పేర్లే మోసం. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అని ఉన్నది వెలుగు కాదు, నలుపు ఎంత నల్లగా ఉండాలన్నది. గది వెలుతురుకి తగ్గట్టు మార్చాల్సింది బ్యాక్‌లైట్ అని ఉన్నదాన్ని, ఓలెడ్ అయితే ఓలెడ్ లైట్ అనో ఓలెడ్ పిక్సెల్ బ్రైట్‌నెస్ అనో ఉంటుంది. కొన్ని కంపెనీలు మళ్లీ బ్రైట్‌నెస్‌నే వెలుగుకి వాడి, రెండోదానికి బ్లాక్ లెవెల్ అని పేరు పెట్టాయి. మార్చి చూడండి: సినిమాలో నల్ల కోటు మడతలు మాయమవుతున్నా, నలుపంతా పొగ పట్టినట్టు అవుతున్నా మీరు కదిపింది తప్పు మీట. రంగులు మరీ మెరిపించే వివిడ్ మోడ్ వదిలేసి సినిమా మోడ్‌కి రండి, పగటికి ఒక మోడ్‌లో బ్యాక్‌లైట్ ఎక్కువగా, రాత్రికి ఇంకో మోడ్‌లో తక్కువగా పెట్టి ఉంచుకుంటే రిమోట్‌తో మోడ్ మార్చడం ఒక్కటే పని. గదిని చూసి తనే సర్దుకునే ఎకో సెన్సర్లు కొన్ని మరీ పిసినారివి, రాత్రి సీన్లలో మొహాలు కూడా కనిపించకపోతే ముందు దాన్ని ఆపి చూడండి.

ప్రొజెక్టర్‌కి అసలు ఈ మీటలేవీ పెద్దగా పనికిరావు. అది నలుపుని వేయలేదు, తెర మీద అప్పటికే ఉన్న వెలుతురే దాని నలుపు. కాబట్టి మెనూలోకి వెళ్లకుండా నేరుగా వెళ్లి తెరకి దగ్గరున్న లైటు ఆర్పేయండి, మిగతా లైట్లు వెలుగుతున్నా ఫర్వాలేదు.